తూనీగ ఫోటోకి 100 ఎంఎం మాక్రోనా (చిన్నవాటిని బాగా దగ్గరగా తీసే లెన్సు), 70–300 ఎంఎం జూమా (దూరంవాటిని దగ్గరకు లాగే లెన్సు)?

ఎండాకాలం పెరట్లో పట్టపగలు తీసేవాళ్లకు జూమే మేలు. మీటరున్నర దూరం నుంచే, క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) మీద, నాలుగైదు సెంటీమీటర్ల తూనీగ ఫ్రేములో దాదాపు సగం వస్తుంది. ఇంకా పెద్దగా కావాలంటే 25 ఎంఎం ఎక్స్‌టెన్షన్ ట్యూబు (కెమెరాకీ లెన్సుకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టం) తగిలించండి. అప్పుడు దూరపువాటికి ఫోకస్ అందదు. షట్టరు వేగం 1/500 సెకను కన్నా తగ్గితే చెయ్యి వణుకు కనబడుతుంది. తూనీగ లేచిపోయిందా? కంగారొద్దు, చాలా రకాలు మళ్లీ అదే పుల్ల మీద వాలతాయి. ఫోకస్ అక్కడే ఉంచి కదలకండి.

మాక్రోతో సెన్సర్ మీద అసలు సైజులో బొమ్మ పడాలంటే లెన్సు ముందు జానెడు దూరం కూడా మిగలదు. నీడ పడగానే ఎగిరిపోతుంది. కానీ తెల్లవారుజామున, ఒళ్లు వేడెక్కకముందు, రెక్కల మీద మంచుబొట్లతో అది కదలదు. ఆ కళ్లలోని గళ్లు మాక్రోకే చిక్కుతాయి, ఎంత అందమో! ఎఫ్/11 (లెన్సు రంధ్రం బాగా సన్నగా) పెట్టినా స్పష్టంగా వచ్చేది ఒకటి రెండు మిల్లీమీటర్లే. అందుకే కెమెరాను తూనీగ ఒంటికి సమాంతరంగా పట్టాలి.