2024 సినిమాల్లో ఏది మేలు: ‘కల్కి’యా, ‘లక్కీ భాస్కర్’ఆ, ‘35’ఆ?

మన అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టిన దర్శకుడు కె.వి.రెడ్డి షూటింగుకు ముందే స్టాప్‌వాచ్ పెట్టుకుని ఏ సీను ఎంతసేపు నడవాలో లెక్కగట్టేవారు. 1957లో ఆయన తీసిన ‘మాయాబజార్’ ఇప్పటికీ బిగువు సడలకుండా ఉందంటే ఆ పద్ధతి వల్లనే. ఏడాదిలో మంచి సినిమా ఏదని తేల్చడానికి ఆ కొలతే చాలు. ఈ సీను తీసేస్తే కథ తెగుతుందా? తెగకపోతే దాన్ని ఎందుకు ఉంచారు? కలెక్షన్లు, మొదటి రోజు హడావుడి ఈ లెక్కలోకి రావు.

‘కల్కి 2898 ఏడీ’ (జూన్ 27)తో మొదలుపెడదాం. ‘మాయాబజార్’కు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు, ఈ సినిమాకు దర్శకుడు నాగ్ అశ్విన్‌కు సలహాదారుగా ఉన్నారు. కాబట్టి ఆ కొలతతో దీన్ని తూచడం అన్యాయమేమీ కాదు. కట్టిన లోకం మాత్రం అద్భుతం. ఎండిపోయిన కాశీ, పైన తిరగేసిన పిరమిడ్‌లా వేలాడే కాంప్లెక్స్, దాక్కున్న శంబల, ఈ మూడింటికీ వేరువేరు కట్టుబాట్లు, వేరువేరు ఆకలి. కురుక్షేత్రంతో ఎత్తుకోవడం, అశ్వత్థామగా అమితాబ్ లేచి నిలబడటం, చివరి అరగంట, వీటిలో ఒక్క షాట్ కూడా తీసేయలేం. చిక్కంతా మొదటి గంటలో ఉంది. లోకాన్ని పరిచయం చేసే పనీ, ప్రభాస్‌ను పరిచయం చేసే పనీ ఒకే సీన్లకు అప్పజెప్పారు. ప్రభాస్ చేసిన భైరవ ఫైట్లు, అతిథి పాత్రలు వచ్చినప్పుడల్లా కథ ఆగి చోద్యం చూస్తుంది. వాటిలో సగం తీసేసినా ఏమీ తెగదు. పైగా ఇది మొదటి భాగమే, అసలు ప్రశ్నలు రెండో భాగానికి మిగిలిపోయాయి.

వెంకీ అట్లూరి ‘లక్కీ భాస్కర్’ (అక్టోబర్ 31) దీనికి పూర్తిగా ఎదురుదిక్కు. ఇందులో ప్రతి అడుగూ ముందటి అడుగు వల్లే పడుతుంది. అప్పులున్న బ్యాంకు క్యాషియర్ భాస్కర్‌కు (దుల్కర్ సల్మాన్) రావాల్సిన ప్రమోషన్ రాదు. అందుకే బ్యాంకు డబ్బు మీద చెయ్యి వేస్తాడు. లెక్క చూసేలోపు దాన్ని తిరిగి పెట్టేయాలి కాబట్టి మనకు గుండె దడ. ఒకసారి సాఫీగా జరిగింది కాబట్టి ఇంకోసారి. మధ్యలో ఒక్క లింకు తీసినా గొలుసు తెగిపోతుంది.

రెండో సగం అర్థం కావాలంటే బ్యాంక్ రసీదు సంగతి తెలియాలి. చాలామంది అక్కడే తడబడి, ఆ తర్వాత భయం ఎందుకో పట్టుకోలేకపోయారు. ఒక బ్యాంకు ప్రభుత్వ బాండ్లు అమ్మినప్పుడు, బాండ్లకు బదులు ‘ఇవి నీ పేరున మా దగ్గర ఉన్నాయి’ అని కొన్న బ్యాంకుకు ఒక రసీదు ఇచ్చేది. బాండ్లు కదలవు, కాగితం కదులుతుంది. వెనక బాండ్లే లేకుండా రసీదు రాసిచ్చేస్తే? 1992లో బయటపడ్డ స్టాక్ బ్రోకర్ హర్షద్ మెహతా కుంభకోణంలో జరిగింది అదే. చిన్న బ్యాంకులు ఉత్తుత్తి రసీదులు ఇచ్చాయి, వాటిని చూపించి పెద్ద బ్యాంకుల నుంచి డబ్బు లాగి షేర్లలో పోశారు. సినిమాలో ఆ మనిషి పేరు హర్ష మెహ్రా. దుల్కర్ కెమెరా వైపు తిరిగి ఇదంతా చెబుతున్నప్పుడు ఫోన్ పక్కన పెట్టి వినాలి. లోపమంటే ఒకటే: ముప్పు వచ్చిన ప్రతిసారీ అదృష్టం భాస్కర్ పక్షానే ఉంటుంది. చివరికొచ్చేసరికి, వీడు ఎలాగూ తప్పించుకుంటాడులే అన్న ధీమా మనకు వచ్చేస్తుంది.

ఇక ‘35: చిన్న కథ కాదు’ (సెప్టెంబర్ 6). దర్శకుడు నంద కిశోర్ ఈమాని. కథ జరిగేది పక్కనున్న తిరుపతిలో. అరుణ్ అనే పిల్లవాడికి ఒక అనుమానం: సున్నాకు విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుంది? జవాబు దొరకక లెక్కలంటేనే మనసు విరుగుతుంది. లెక్కల్లో 35 మార్కులు రాకపోతే బడిలో చోటు ఉండదు. పదో తరగతి తప్పిన తల్లి సరస్వతి వాడికోసం మళ్లీ లెక్కలు నేర్చుకోవడానికి కూర్చుంటుంది. పిల్లవాడి అనుమానాన్ని మొద్దుతనంగా చూపకపోవడమే ఈ సినిమా గొప్పతనం. అది నిజమైన గణితపు ప్రశ్న, స్థాన విలువ (అంకె ఉన్న చోటును బట్టి దాని విలువ మారడం) అర్థం కాకపోతే ఎవరికైనా రావాల్సిన ప్రశ్న. మొదట్లో ఇంటి సీన్లు నెమ్మదిగా నడుస్తాయి, కత్తిరించేయొచ్చు అనిపిస్తుంది. కత్తిరిస్తే మాత్రం, ఆ తల్లి పుస్తకం పట్టడానికి వెనకున్న బలమంతా పోతుంది. లెక్కల మాస్టారుగా ప్రియదర్శి పిల్లల్ని మార్కులతో కొలిచే కరకుదనం కూడా అవసరమైనదే, అది లేకపోతే పరీక్షకు బరువే ఉండదు. చివర్లో కన్నీళ్లు కొంచెం ఎక్కువయ్యాయి, అంతే.

అందుకే మొదటి స్థానం ‘35’కే, రెండోది ‘లక్కీ భాస్కర్’, మూడోది ‘కల్కి’. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన గద్దర్ అవార్డుల్లో ‘కల్కి’ ఉత్తమ చిత్రం, ‘లక్కీ భాస్కర్’ మూడో ఉత్తమ చిత్రం, ‘35’లో తల్లిగా చేసిన నివేదా థామస్ ఉత్తమ నటి. హంగు, సాంకేతిక పనితనం చూస్తే ‘కల్కి’కి సాటి లేదన్నది నిజమే. కానీ రెండోసారి చూస్తున్నప్పుడు రిమోట్ మీదికి చెయ్యి పోనిది ‘35’.

‘పుష్ప 2’ సంగతేమిటని మన సీమలో అడగనివాళ్లుండరు. గంగమ్మ జాతర ఘట్టం ఆ ఏడాది తెరమీద వచ్చిన వాటన్నిటికంటే బలమైనది, అల్లు అర్జున్ ఒళ్లంతా పూనకంలా ఆడాడు. ముఖ్యమంత్రితో ఫోటో కాదన్నందుకు ముఖ్యమంత్రినే మార్చేయాలనుకోవడం కూడా గట్టి పునాదే. అయితే 3 గంటల 20 నిమిషాల్లో ఆ పట్టుదల తీరిపోయాక కథ ఇంకో ఇంటి గొడవను మొదటినుంచి ఎత్తుకోవాల్సి వచ్చింది. రాయచోటి కుర్రోడు కిరణ్ అబ్బవరం చేసిన ‘క’ ఎవరైనా చూడాల్సిందే. కొండల నడుమ మధ్యాహ్నం మూడింటికే చీకటి పడే ఊరిని కథకే ఆయువుపట్టు చేశారు. ముగింపు ముందే తెలిస్తే సగం రుచి పోతుంది, కాబట్టి ఎవరినీ అడక్కండి.

ఇప్పుడు చూసేవాళ్లకు కొన్ని మాటలు. ‘కల్కి’ మళ్లీ థియేటర్‌కు వస్తే 2డీ షోకే వెళ్లండి. 3డీ కళ్లద్దాలు వెలుతురును బాగా తగ్గించేస్తాయి, ప్రొజెక్టర్ ల్యాంపు పాతదైతే చీకటి సీన్లు బొగ్గులా కనిపిస్తాయి. ఇంట్లో టీవీ అయితే లైట్లు ఆర్పి, మోషన్ స్మూతింగ్ (కదలికలను నున్నగా చేసే సెట్టింగ్) ఆపేయండి, లేకపోతే ఏ సినిమా అయినా సీరియల్‌లా జారుతున్నట్టు ఉంటుంది. ‘లక్కీ భాస్కర్’కు సౌండ్ సెట్టింగుల్లో మాటలు తేటగా వినిపించే మోడ్ పెట్టుకుంటే మేలు.

‘35’ను పిల్లలతో చూస్తే దగ్గర గుప్పెడు చింతగింజలు, రెండు చిన్న రాళ్లు ఉంచుకోండి. కాగితం మీద పక్కపక్కనే రెండు గడులు గీసి, కుడి గడిలో గింజలు ఒక్కొక్కటే పెట్టించండి. పది గింజలు పోగయితే వాటికి బదులు ఎడమ గడిలో ఒక రాయి పెట్టి, కుడి గడి ఖాళీ చేయమనండి. ఆ ఖాళీ గడిలో సున్నా రాయించండి. పదకొండో గింజ మళ్లీ కుడి గడిలోకి వస్తుంది, సున్నా చెరిపి ఒకటి రాయాలి. ఇరవై దాకా వాళ్లచేతే పెట్టించండి.