నర్సింగ్ సీటు కన్సల్టెన్సీ ప్యాకేజీ: దేనికి డబ్బివ్వొచ్చు, దేనికి దండగ

ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చీ రాగానే కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం బస్టాండ్ల చుట్టూ ఫ్లెక్సీలు లేస్తాయి. బీఎస్సీ నర్సింగ్, జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) డైరెక్ట్ అడ్మిషన్లు, విదేశాల్లో ఉద్యోగం గ్యారంటీ అని వాటి మీద ఉంటుంది. పరీక్ష రాసిన పిల్లల ఫోన్ నంబర్లు ఎలా దొరుకుతాయో గానీ ఇంటికి ఫోన్లు కూడా మొదలవుతాయి. రెండు గోదావరి జిల్లాల్లో, కోనసీమలో ఈ కన్సల్టెన్సీలు అమ్మే ప్యాకేజీ కాస్త అటూ ఇటూగా ఒకటే: దరఖాస్తు నింపడం, ఏ కోర్సు మంచిదో చెప్పడం, కాలేజీ చూపించడం, స్కాలర్‌షిప్పు పని చూసిపెట్టడం. ఇక్కడ చెప్పేది ఏ ఒక్క ఆఫీసు గురించో కాదు, ఆ ప్యాకేజీ గురించి.

దరఖాస్తు పనికి మార్కులు వేయొచ్చు. కోర్సు సలహాకు సగమే. కాలేజీ చూపించడమనే మూడో పని అన్నిటికన్నా ముఖ్యం, అందులోనే ప్యాకేజీ పూర్తిగా తప్పింది.

ముందు దరఖాస్తు. బీఎస్సీ నర్సింగ్ కన్వీనర్ కోటా సీట్లను, అంటే కౌన్సెలింగ్‌లో ర్యాంకు బట్టి ఇచ్చేవాటిని, విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో భర్తీ చేస్తుంది. ఇటీవలి నోటిఫికేషన్లలో రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో బైపీసీ ర్యాంకే చూస్తున్నారు. అంటే 160 ప్రశ్నలు, 3 గంటలు, తప్పుకు మార్కు కోత లేదు. అందులో 80 ప్రశ్నలు బోటనీ, జువాలజీ నుంచే. రిజిస్ట్రేషన్, ఫీజు కట్టడం, సర్టిఫికెట్ల అప్‌లోడు, తాత్కాలిక మెరిట్ జాబితా, అభ్యంతరాలు, తుది జాబితా, వెబ్ ఆప్షన్లు, సీటు కేటాయింపు, యూనివర్సిటీ ఫీజు కట్టి అలాట్‌మెంట్ లెటర్ దింపుకోవడం, కాలేజీలో రిపోర్టు చేయడం. వరస ఇంతే. ఇందులో కన్సల్టెన్సీ చేసేది నెట్ సెంటర్ కుర్రాడు కూడా చేస్తాడు. ఇక "కన్వీనర్ సీటు మేం ఇప్పిస్తాం" అన్న మాట ఎవరి నోట వచ్చినా నమ్మక్కర్లేదు. ఆ సీటు ర్యాంకు, రిజర్వేషన్, ఆప్షన్ల వరస బట్టి వస్తుంది, మనుషుల పలుకుబడి బట్టి కాదు.

ఇక్కడ అసలు ప్రమాదం ఓటీపీ. చాలాచోట్ల రిజిస్ట్రేషన్‌కి ఆఫీసు వాళ్ల సొంత ఫోన్ నంబరు, సొంత మెయిలు ఇచ్చేస్తారు. అప్పుడు లాగిన్ వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఆప్షన్లలో మొదటి వరసలో ఏ కాలేజీ పెడుతున్నారో అమ్మాయికి తెలియదు, రెండో విడత నోటీసు వచ్చినా తెలియదు. నంబరు మీది, మెయిలు మీది, పాస్‌వర్డు మీ నోటు పుస్తకంలో. దీనికి ఒప్పుకోని ఆఫీసు గడప తొక్కొద్దు.

ఎక్కువ దరఖాస్తులు ఆగేది స్టడీ సర్టిఫికెట్ల దగ్గర. సీట్లలో 85 శాతం లోకల్ కోటా, ఎక్కడ చదివారన్నది బట్టి లోకల్ ఎవరో తేలుస్తారు. గోదావరి జిల్లాలు ఆంధ్ర యూనివర్సిటీ లోకల్ ఏరియాలోకి వస్తాయి. ఇంటర్ రెండో సంవత్సరంతో ముగిసే వరుస నాలుగేళ్లు ఈ ఏరియాలో చదివితే పేచీ లేదు. అలా కుదరకపోతే ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లు లెక్కేసి, ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడి లోకల్ అంటారు. ఆరు నుంచి పది దాకా మండపేటలో చదివి, ఇంటర్ హైదరాబాద్‌లో చదివిన అమ్మాయికి ఇక్కడి లెక్కలో ఐదేళ్లుంటాయి కాబట్టి ఆమె ఇక్కడి లోకలే. కానీ ఆ ఐదేళ్లకూ కాగితం ఉండాలి. ఆరో తరగతి చదివిన ప్రైవేటు బడి మూతపడిన చోట పిల్లలు నోటిఫికేషన్ వచ్చాక మండల విద్యాశాఖ ఆఫీసు చుట్టూ తిరుగుతుంటారు. ఆ పని మే నెలలోనే చేసుకోవాలి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉండటం ఇంకో తలనొప్పి. మెమోనే ప్రమాణంగా తీసుకుని ఆధార్‌ను దానికి సరిచేయించాలి. రిజర్వేషన్ లేని కులాల్లోని పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానిదే చెల్లుతుంది, పాతది పనికిరాదు. లంక గ్రామాల వాళ్లకు ఒక మాట: జూలై, ఆగస్టుల్లో వరద వస్తే మీ సేవకు వెళ్లే దారే ఉండదు. అన్నిటినీ ముందే స్కాన్ తీయించి మెయిల్లో పెట్టుకుంటే అప్‌లోడు మిద్దె మీద నుంచైనా చేయొచ్చు. ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటోను స్కాన్ అనుకోవద్దు. స్టాంపు, సంతకం చదవడానికి రాకపోతే మళ్లీ పెట్టమంటారు.

ఆప్షన్ల విషయంలో రెండు మాటలు చాలు. మొదటి విడతలో ఇష్టమున్న కాలేజీలన్నీ పెట్టండి, తక్కువ పెడితే సీటే రాకపోవచ్చు. రెండో విడతలో మాత్రం చేతిలో ఉన్నదానికన్నా మెరుగైనవే పెట్టండి, ఎందుకంటే కొత్తది వస్తే పాతది పోతుంది.

ఇప్పుడు కోర్సు సలహా. కన్సల్టెన్సీ మాటల్లో తూకం ఎటు మొగ్గుతుందో చూడాలంటే కమిషన్ ఎటు నుంచి వస్తుందో చూడాలి. కమిషన్ వచ్చేది కాలేజీ యాజమాన్యం తానే ఇచ్చుకునే మేనేజ్‌మెంట్ సీటు మీద. అందుకే ర్యాంకు ఉన్న అమ్మాయికి కూడా "కౌన్సెలింగ్ ఎప్పుడవుతుందో, ఈలోపు సీటు బ్లాక్ చేసుకోండి" అంటారు. తొందరపడొద్దు.

బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్లు, 8 సెమిస్టర్లు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిషు ఉండాలి, ఇంగ్లిషు పాసై, మిగతా మూడు సబ్జెక్టుల్లో కలిపి 45 శాతం రావాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40. ఆ ఏడాది డిసెంబరు 31కి 17 ఏళ్లు నిండాలి. జీఎన్‌ఎం 3 ఏళ్ల డిప్లొమా. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం ప్రకారం ఏ గ్రూపు వాళ్లయినా అర్హులే, 40 శాతం చాలు. ఏఎన్‌ఎం, మన రాష్ట్రంలో ఎంపీహెచ్‌డబ్ల్యూ ఫిమేల్ అంటారు, 2 ఏళ్లు. అది గ్రామ ఆరోగ్య సేవల దారి. దాన్నీ ఆసుపత్రి నర్సు కోర్సునూ ఒకే గాటన కట్టి చెప్పేవాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

బైపీసీ చదివి, కన్వీనర్ సీటు వచ్చే ర్యాంకు ఉంటే బీఎస్సీ తప్ప ఇంకో ఆలోచన అనవసరం. జీఎన్‌ఎం చదివి తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేద్దామనుకుంటే 3కి 2 కలిపి 5 ఏళ్లు. ఏడాది ఎక్కువ, రెండుసార్లు అడ్మిషన్ గొడవ. ఎమ్మెస్సీ చేసి టీచింగ్‌లోకి వెళ్లాలన్నా డిగ్రీ ఉండాల్సిందే. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ల నార్సెట్ పరీక్షకు బీఎస్సీ వాళ్లు చదువు, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కాగానే కూర్చోవచ్చు. జీఎన్‌ఎం వాళ్లకు 50 పడకల ఆసుపత్రిలో 2 ఏళ్ల అనుభవం అదనంగా కావాలి. ఆ ఉద్యోగం మూలవేతనం 44,900 రూపాయల దగ్గర మొదలవుతుంది కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

జీఎన్‌ఎం పనికిరాదని దీనర్థం కాదు. ఎంపీసీ, సీఈసీ చదివిన అమ్మాయికి అసలు దారి అదే. రాష్ట్ర స్టాఫ్ నర్సు పోస్టులకు, రైల్వే నర్సు పోస్టులకు జీఎన్‌ఎం వాళ్లూ అర్హులే. ఉద్యోగం చేస్తూ ఇగ్నో ద్వారా పోస్ట్ బేసిక్ చేసే వెసులుబాటు ఉంది, అది 3 ఏళ్లు. రోగులు కిటకిటలాడే ఆసుపత్రికి చెందిన జీఎన్‌ఎం స్కూలు ఒకవైపు, ఖాళీ వార్డుల బీఎస్సీ కాలేజీలో అప్పు చేసి కొనే మేనేజ్‌మెంట్ సీటు ఒకవైపు ఉంటే జీఎన్‌ఎం వైపే మొగ్గాలని మా అభిప్రాయం. ఇది అందరూ ఒప్పుకునే మాట కాదని తెలుసు.

ఇంటర్ చదువుతున్నప్పుడే తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. మంగళగిరి ఎయిమ్స్‌లో బీఎస్సీ ఆనర్స్ నర్సింగ్ ఉంది. అమ్మాయిలకే, ఎయిమ్స్ సొంత పరీక్ష, 55 శాతం మార్కులు, ఎస్సీ, ఎస్టీలకు 50. మిలిటరీ నర్సింగ్ సర్వీస్ బీఎస్సీకి నీట్ రాసి ఉండాలి, అదీ పెళ్లికాని అమ్మాయిలకే. కమిషన్ లేని ఈ రెండు దారుల పేర్లు ప్యాకేజీ బ్రోచర్లలో వెతికినా దొరకవు. అబ్బాయిలైతే ఏ నోటిఫికేషన్‌లోనైనా ముందు చూడాల్సిన వాక్యం తమకు సీట్లున్నాయా లేదా అన్నదే.

నర్సింగ్ అసిస్టెంట్, జనరల్ డ్యూటీ అసిస్టెంట్, ఆరు నెలల హాస్పిటల్ కోర్సు: వీటితో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ లేకపోతే నర్సు కాదు, అంతే.

బెంగళూరు కాలేజీల ప్యాకేజీ గోదావరి జిల్లాల్లో బాగా అమ్ముడుపోతుంది. పక్క రాష్ట్రంలో చదవడం తప్పేమీ కాదు. అక్కడి కౌన్సిల్‌లో నమోదై, తర్వాత మన రాష్ట్ర కౌన్సిల్‌కి రిజిస్ట్రేషన్ బదిలీ చేయించుకోవచ్చు. "కాలేజీకి రోజూ రానక్కర్లేదు, పరీక్షలప్పుడు వస్తే చాలు" అన్నారంటే మాత్రం అక్కడే ఆగిపోవాలి. బీఎస్సీలో థియరీకీ ప్రాక్టికల్‌కీ 80 శాతం హాజరు ఉండాలి, డిగ్రీ చేతికొచ్చేలోపు క్లినికల్ గంటలు, అంటే ఆసుపత్రి డ్యూటీ, నూటికి నూరూ పూర్తి కావాలి. రాకుండా సర్టిఫికెట్ ఇచ్చే చోట ఆ గంటల లెక్క కాగితాల మీదే ఉంటుంది. నాలుగేళ్ల తర్వాత సూది పట్టుకున్న రోజున అది బయటపడుతుంది.

ఇక కాలేజీ చూపించడం. కన్సల్టెన్సీ కారులో తీసుకెళ్లి చూపించేవి భవనం, ల్యాబులోని బొమ్మ, హాస్టల్ గది, మెస్సు. చూడాల్సింది ఆసుపత్రి. కౌన్సిల్ నిబంధన ప్రకారం 60 సీట్ల కాలేజీకి కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలి. ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులుండాలి, పది మంది విద్యార్థులకు ఒక టీచరుండాలి. లెక్క మీరే వేసుకోండి: 60 సీట్లంటే నాలుగు బ్యాచ్‌లకు 240 మంది. సొంత పడకలు చాలని చోట వేరే ఆసుపత్రులతో ఒప్పందం చేసుకుంటారు. ఆ ఆసుపత్రులేవో పేర్లు అడగాలి.

వెళ్లేది పని రోజున, ఉదయం పదకొండు గంటల వేళ. ఉచిత వైద్య శిబిరం ఉన్న రోజున వెళ్తే ఏ ఆసుపత్రైనా తిరునాళ్లలా ఉంటుంది, ఆ రోజు వద్దు. మంచాలు కాదు, మంచాల మీద మనుషులను లెక్కపెట్టండి. నెలకు ఎన్ని కాన్పులవుతాయో లేబర్ రూమ్ సిస్టర్ని అడగండి, ప్రిన్సిపాల్‌ని కాదు. కాన్పులు లేని చోట అమ్మాయి లాగ్‌బుక్కులో కేసులు ఎక్కడి నుంచి వస్తాయి? మూడో సంవత్సరం పిల్లలు క్యాంటీన్‌లో కనిపిస్తే నాలుగు ప్రశ్నలు చాలు: ఐసీయూ డ్యూటీ ఎన్ని వారాలు వేశారు, ఐవీ లైను మీ చేత పెట్టిస్తారా లేక పక్కన నిలబడి చూడటమేనా, పోస్టింగుకు ఎన్నింటికి బస్సు ఎక్కుతారు, నైట్ డ్యూటీకి తీసుకెళ్లేదెవరు. కోనసీమ లోపల కాలేజీ పెట్టుకుని పిల్లలను కాకినాడ పంపితే తెల్లవారకముందే బస్సెక్కాలి. కాకినాడ, రాజానగరం, అమలాపురం, ఏలూరుల్లో మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి. అలాంటి ఆసుపత్రికి నడిచి వెళ్లే దూరంలో ఉన్న కాలేజీకి ఫీజు కాస్త ఎక్కువైనా ఆలోచించొచ్చు. మానసిక వైద్యం పోస్టింగుకు ఇక్కడి చాలా కాలేజీలు విశాఖ మెంటల్ ఆసుపత్రికి పంపుతాయి. అక్కడి బస, తిండి ఖర్చు ఫీజులో కలిసిందో లేదో ముందే కాగితం మీద రాయించుకోండి. యూనిఫాం, పుస్తకాలు, పరీక్ష ఫీజు, క్లినికల్ ఫీజు కూడా అంతే. చెప్పిన ఫీజుకీ కట్టిన ఫీజుకీ తేడా ఎప్పుడూ ఈ చిల్లర పేర్ల దగ్గరే వస్తుంది.

కాలేజీకి గుర్తింపు ఉందో లేదో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైటులో రాష్ట్రాల వారీగా ఉంటుంది. గోడ మీద ఫ్రేము కట్టిన పాత ఉత్తర్వు కాదు, చేరబోయే ఏడాది జాబితాలో కాలేజీ పేరు, సీట్ల సంఖ్య చూడండి.

స్కాలర్‌షిప్పు పనికి కన్సల్టెన్సీ అక్కర్లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ సీటుకే, దరఖాస్తు కాలేజీ ద్వారానే వెళ్తుంది. మేనేజ్‌మెంట్ సీటుకు కూడా వస్తుందని ఎవరైనా అంటే అది రాతపూర్వకంగా ఇవ్వమనండి, మాట మారుస్తారు.

విదేశీ ఉద్యోగం గ్యారంటీ అరచేతిలో వైకుంఠమే. బ్రిటన్‌కు వెళ్లాలంటే ఐఈఎల్‌టీఎస్ గానీ ఓఈటీ గానీ ఒక ఇంగ్లిషు పరీక్ష, ఆపైన కంప్యూటరు మీద రాసే సీబీటీ, అక్కడికెళ్లాక పని చేసి చూపించే ఓస్కీ. అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష. జర్మనీకి భాషే పెద్ద పరీక్ష. ఇవి కన్సల్టెన్సీ ఇచ్చేవి కావు, నాలుగేళ్ల వార్డు డ్యూటీ, ఇంగ్లిషు ఇచ్చేవి. గల్ఫ్‌కు నర్సుగా వెళ్లాలనుకుంటే ఏజెంటు కన్నా ముందు విదేశీ ఉద్యోగాల పని చూసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌లో అడగాలి.

ఇంతా విని కూడా ఇంట్లో ఎవరికీ కంప్యూటరు రాదు, నెట్ సెంటరు దగ్గర్లో లేదు అనుకుంటే దరఖాస్తు వరకే డబ్బిచ్చి రశీదు తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒక్క రాత్రి కూడా ఆ ఆఫీసులో ఉంచొద్దు. కాలేజీ ఫీజు కాలేజీ ఖాతాలోనే కట్టండి, మధ్యవర్తి ఫోన్‌పేకి కాదు. యానాం పిల్లలకు మాత్రం పైన చెప్పిన కౌన్సెలింగ్ లెక్కలు వర్తించవు. వాళ్లది పుదుచ్చేరి ప్రభుత్వ అడ్మిషన్ల కమిటీ అయిన సెంటాక్ దారి. ఎదుర్లంక వంతెనకు ఇవతల, ఆంధ్రా వైపు ఉన్న కన్సల్టెన్సీకి వెళ్లేముందు సెంటాక్ ఫారం ఎప్పుడైనా నింపారా అని ఫోన్లోనే అడిగి చూడండి.