మెరైన్ అని చెప్పి అట్ట అంటగట్టారు: చెక్క తొట్టి కట్టేవాళ్లు జాగ్రత్త

ఇది రాసే సమయానికి మా గది నేల ఇంకా ఆరలేదు. పాత దుప్పట్లు, తువ్వాళ్లు, చివరికి కిటికీ పరదాలు కూడా నీళ్లు పీల్చే పనికే సరిపోయాయి. మంచి కోపంలో ఉన్నాను. ముందుదీ వెనుకదీ కలిసిపోతే మీరే సర్దుకోండి.

షాపు పేరు చెప్పను. చేపల తొట్టి సొంతంగా కడతానని ఎవరైనా అనగానే, పక్కనున్నవాళ్లు "మెరైన్ ప్లైవుడ్ కావాలంటే అక్కడికే వెళ్లు" అంటారు చూడండి, ఆ షాపే. మెరైన్ ప్లైవుడ్ అంటే నీళ్లు తగిలినా పొరలు ఊడకుండా అతికించిన చెక్క పలక. నాకూ అలాగే చెప్పారు, నేనూ అలాగే వెళ్లాను.

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు తొట్టి నాది. మొత్తం గాజుతో చేయించే స్తోమత లేదు. అందుకని అడుగు, వెనుక, రెండు పక్కలు 18 మి.మీ. ప్లైవుడ్‌తోనూ, ముందువైపు మాత్రం 12 మి.మీ. అద్దంతోనూ కట్టాను. అద్దాన్ని చట్రానికి లోపలి నుంచి ఆనించాను, నీటి ఒత్తిడే దాన్ని అతికించిన సిలికాన్ జిగురు మీదికి నొక్కి పెడుతుందని. చెక్కకు లోపలంతా నీరు దిగకుండా ఎపాక్సీ అనే గట్టిపడే పూత మూడుసార్లు వేశాను. సిలికాన్ కూడా బాత్రూములకు వాడే బూజు మందు కలిపిన రకం కాకుండా వెతికి మరీ తెచ్చాను, ఆ మందు చేపలను చంపుతుంది కాబట్టి. అది పూర్తిగా గట్టిపడాలని వారం రోజులు చుక్క నీరు పోయకుండా కూర్చున్నాను. ఇన్ని చూసుకున్న మహానుభావుడికి ప్లైవుడ్ దగ్గర మాత్రం షీటు మీద మెరైన్ అన్న ఒక ఎర్ర ముద్ర కనిపిస్తే చాలిపోయింది.

నా భయమంతా అద్దం గురించే. రెండడుగుల లోతున నీళ్లు నిండితే ఆ ఒక్క అద్దం మీద దాదాపు 340 కిలోల బలం పడుతుంది. ఆ లెక్క వేసుకున్న రాత్రి నిద్ర పట్టలేదు. తీరా చూస్తే అద్దం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఇప్పుడు కూడా గోడకు చేరగిలబడి నిగనిగలాడుతూ నన్నే చూస్తోంది.

ఇంకా చేపలు వేయలేదు, అదొక్కటే అదృష్టం. పరీక్ష కోసం ఇరవై అంగుళాల ఎత్తుకు నీళ్లు పట్టాను, అంటే దాదాపు 560 లీటర్లు. మూడు రోజులు బాగానే ఉంది. నాలుగో రోజు సాయంత్రం వెనుక పలక కింది మూలలో అరచేయంత నల్లటి మరక కనిపించింది. బొటనవేలితో నొక్కితే సొట్ట పడింది, వేలు తీసినా ఆ సొట్ట అలాగే ఉండిపోయింది. అప్పుడే గొట్టం వేసి నీళ్లు తోడేసి ఉండాల్సింది. పొద్దున చూద్దాంలే అనుకుని పడుకున్నాను. అర్ధరాత్రి దాటాక మందపాటి గుడ్డ చింపినట్టు ఒక శబ్దం. ఆ తర్వాత ఏం జరిగిందో 560 లీటర్లని చెప్పాను కాబట్టి మీరే ఊహించుకోండి.

తెల్లారాక ఆ మూల ముక్కను చేతిలోకి తీసుకుంటే, తడిసిన పుస్తకం పేజీల్లా ఏ పొరకు ఆ పొర విడిపోయింది. మెరైన్ రకంలో పొరలను ఫెనాల్ జిగురుతో అతికిస్తారు. కోసిన అంచు చూస్తే ముదురు గోధుమ రంగు గీతలు కనిపిస్తాయి. నా ముక్కలో అలాంటి గీత ఒక్కటీ లేదు, అంతా పాలిపోయిన తెలుపే. ఇంట్లో అల్మారాలకు వాడే యూరియా జిగురు సరుకు అది. గాలిలో తేమనైతే ఓర్చుకుంటుంది, నిలిచిన నీటిని ఓర్చుకోదు.

నా తప్పు కూడా ఉంది, దాచను. ఒక స్క్రూ పక్కన ఎపాక్సీలో సూదిమొనంత రంధ్రం మిగిలిపోయింది, నీరు అక్కడి నుంచే దిగింది. అయితే ఆ మాత్రం చెమ్మకు నాలుగు రోజుల్లో పొరలు ఊడిపోవడానికా మెరైన్ ధర కట్టింది? ఇంకో ఘనకార్యం కూడా ఉంది. పలకలు కోసిన రోజే అంచుల్లో పెన్సిలు దూరేంత ఖాళీలు కనిపించాయి. మంచి మెరైన్ పలకలో అలాంటివి ఉండకూడదని చదివినవాణ్నే. అడిగితే షాపతను "పుట్టీ పెట్టుకోండి సార్, మూసుకుపోతుంది" అన్నాడు. పెట్టుకున్నాను. ఎంత బుద్ధిమంతుణ్నో చూడండి.

ఇక అసలు సంగతి. విడిపోయిన ముక్కను సంచిలో వేసుకుని షాపుకు వెళ్లాను. గల్లాపెట్టె ముందు ఇంకో ముగ్గురు ఉన్నారు. ముక్క చూపించాను. షాపతను దాన్ని అందుకుని, రెండు వేళ్లతో ఒక పొర ఊడదీసి, ఆ ముగ్గురికీ చూపిస్తూ "చెక్కను తీసుకెళ్లి నీళ్లలో నానబెడితే ఇంతే కదా సార్" అన్నాడు. వాళ్లు నవ్వారు. చేపల తొట్టి కోసమని చెప్పి, కొలతల కాగితం అతని చేతికే ఇచ్చి, అతని రంపం మీదే కోయించుకున్న సరుకు అది!

మెరైన్ అని ఇచ్చారు కదా అన్నాను. బిల్లు తెచ్చారా అన్నాడు. గర్వంగా తీసి ఇచ్చాను. దాన్ని తిరిగి నా వైపే తోసి, "ఇందులో మెరైన్ అని ఎక్కడుందో కాస్త చదవండి, నా కళ్లజోడు లేదు" అన్నాడు. కళ్లజోడు అతని చొక్కా జేబులోనే ఉంది. బిల్లులో "ప్లైవుడ్ 18 మి.మీ., షీట్లు 2" అని ఉంది. అంతే. కొన్న రోజు ఆ బిల్లు రాస్తుంటే రకం కూడా రాయండి అని నేను అడిగాను. "షీటు మీద ముద్రే ఉంటే మళ్లీ కాగితం మీద ఎందుకు సార్, మీరేమన్నా పరాయివాళ్లా" అన్నది ఈ నోరే. మరి ముద్ర ఏది? అది షీటు అంచున ఉన్న పట్టీ మీద ఉండేది. కోతలో పోయింది. ఆ పట్టీ వాళ్ల షాపులోనే, చెత్తలోనే ఉండిపోయింది. అది తలకెక్కేసరికి నేను మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేశాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటారు, నా విషయంలో నానబోయడం కూడా అక్షరాలా నిజమైంది.

కొనబోయేవాళ్లు బిల్లులో రకం పేరు రాయించుకోండి, రాయనంటే లేచి వచ్చేయండి. ముద్ర ఉన్న ముక్కను ఇంటికి తెచ్చుకోండి. పని మొదలుపెట్టకముందే చిన్న ముక్క ఒకటి కోసి కొన్ని గంటలు నీళ్లలో ఉడకబెట్టి చూడండి. తొట్టిని మొదటిసారి నింపేటప్పుడు ఆరుబయట నింపండి. మరక కనిపిస్తే పొద్దున దాకా ఆగకండి.

ఆ ఉడకబెట్టే పని నేను నిన్న చేశాను, నీళ్లు తగలకుండా మిగిలిన ముక్కతో. గంట తిరగకముందే పొరలు దేనికవి విడిపోయి గిన్నెలో తేలాయి. ఫోటో తీసి అతనికి పంపాను. చూశాడు, బదులు ఇవ్వలేదు. ఈ ఉదయం మాత్రం షాపు నుంచి ఖాతాదారులందరికీ పంపే సందేశం నాకూ వచ్చింది. కొత్త సరుకు దిగిందట. మెరైన్ రకమట. నీళ్లలో వేసినా చెక్కుచెదరదట.