కూల్‌డ్రింక్ బాటిల్‌లో కొమ్మలు నాటితే: వేళ్ళు కళ్ళకి కనబడతాయి, అదొక్కటి చాలు

కొమ్మ నాటి కొత్త మొక్క తెచ్చుకోవడానికి కణుపు కింద ఏటవాలుగా కోయడం, పైన రెండాకులు ఉంచి మిగతావి తుంచడం అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. రెండు లీటర్ల బాటిల్‌ని నడుముకి కోసి, అడుగున దబ్బనం కాల్చి చిల్లులు పెట్టి, ఇసుకా కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) కలిపి నింపి, కొమ్మ గుచ్చాక పై ముక్కనే మూతగా పెట్టేసే పద్ధతి కొన్నేళ్ళుగా వాడుతున్నాను. మట్టికుండీలో లేని సుఖం ఒకటుంది దీంట్లో: లోపల ఏం జరుగుతోందో బయటికి కనబడుతుంది.

మా అత్తయ్యగారికి వేళ్ళొచ్చాయా లేదా అని పుల్లని కాస్త పైకి లాగి చూడటం అలవాటు. కొత్త వేళ్ళు ఆ కాస్తకే తెగిపోతాయి. పెద్దావిడ, ఎన్నిసార్లని చెప్తాం?

పోయిన వానాకాలం నాటు గులాబీ, ముద్దమందారం పక్కపక్కనే పెట్టాను. గులాబీ ఎర్రటి చిగుళ్ళు వేసేసింది, ఇక కుండీలోకి మార్చెయ్ అని ఇంట్లో ఒకటే పోరు. మందారం ఆకులన్నీ రాల్చి మోడైంది, అది చచ్చింది పారెయ్ అన్నారు. తీరా బాటిళ్ళు వెలుతురులో తిప్పి చూస్తే గులాబీ కింద కోసిన చోట తెల్లటి బుడిపె తప్ప ఒక్క వేరు లేదు, ఆ చిగుళ్ళన్నీ కొమ్మలో దాచుకున్న తిండితో వచ్చినవే. మోడు మందారానికి మాత్రం రెండు తెల్లటి వేళ్ళు అడుగు దాకా దిగి అక్కణ్ణుంచి పక్కకి తిరిగాయి! మామూలు కుండీలో అయితే బతికినదాన్ని పారేసి, వేళ్ళు లేనిదాన్ని మార్చి చంపుకునేవాళ్ళం. గులాబీని కదపకుండా ఉంచితే నెల దాటాక అదీ వేళ్ళు పట్టింది.

అయితే కొమ్మని మధ్యలో కాకుండా బాటిల్ గోడకి ఆనించి గుచ్చాలి, లేకపోతే కనబడేది ఇసుకే. పైగా వెలుతురు తగిలితే గోడంతా పచ్చగా నాచు పడుతుంది, చూద్దామన్నా ఏమీ కనబడదు. న్యూస్‌పేపర్ చుడితే తడిసి చిరిగిపోయేది. ఇప్పుడు పాత నల్ల సాక్సు పాదం దగ్గర కోసి తొడుగుతున్నా, చూడాలంటే కిందికి లాగితే సరి.

వానాకాలంలో బాటిల్ బిరడా తీసే ఉంచాలి, లేదంటే తెల్ల బూజు ఖాయం. ఏప్రిల్, మేలో మా హైదరాబాద్ ఎండకి తూర్పు బాల్కనీలో కూడా ఆకులు లోపలే ఉడికిపోతున్నాయి, ఆ రెండు నెలలూ నేను జోలికే పోను. కరివేపాకు కొమ్మ నాకు ఇందులో ఒక్కసారీ నిలవలేదు, దానికి చెట్టు మొదట్లో లేచే పిలక తవ్వి తెచ్చుకోవడమే నయం. అన్నట్టు, బంగాళదుంపలో గులాబీ కొమ్మ గుచ్చే వీడియోలు నమ్మకండి, దుంప కుళ్ళి ఇంటినిండా చిన్న ఈగలు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, ఒకటో రెండో మొక్కలు చాలనుకునే నాలాంటివాళ్ళకి ఇది బాగానే ఉంది. నర్సరీలకి పేరున్న కడియం చుట్టుపక్కలవాళ్ళయితే నర్సరీకి పోయి వేళ్ళున్న మొక్కే తెచ్చుకోండి, ఈ సాక్సుల గొడవంతా మీకెందుకు?