నొప్పి లేని సైకిల్ సీటు: బ్రూక్స్ కేంబియం సి17

సీటు నొప్పి గురించి ఆడవాళ్లు పైకి మాట్లాడరు. షాపులో నలుగురు మగవాళ్ల మధ్య నిలబడి ఎక్కడ నొప్పో చెప్పాలంటే మొహమాటం. చాలామంది ఆ మాట చెప్పలేకే సైకిల్‌ని బాల్కనీలో పెట్టేస్తారు. అందుకే దాపరికం లేకుండా రాస్తున్నాను. బెంగళూరులో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి మారతహళ్లి దాకా ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్తాను. కుదిరిన ఆదివారాల్లో దేవనహళ్లి వైపు లాంగ్ రైడ్. ఇప్పుడు వాడుతున్న సీటు బ్రూక్స్ కేంబియం సి17. ఆఫీసుకి చేరాక ఒళ్లు నొప్పి లేకుండా కుర్చీలో కూర్చుంటున్నానంటే దీని పుణ్యమే.

నా సైకిల్‌తో పాటు వచ్చింది జెల్ సీటు. బొటనవేలితో నొక్కితే దిగిపోయేంత మెత్తన. ఎక్కిన కాసేపు హాయిగానే ఉండేది, బెళ్లందూరు దాటేసరికి తిమ్మిరి మొదలయ్యేది. మెత్తటి సీటు మీద తిమ్మిరి ఎందుకు? మనం కూర్చున్నప్పుడు బరువంతా మోయాల్సింది పిరుదుల అడుగున ఉండే రెండు ఎముకలు. జెల్ మరీ మెత్తగా ఉంటే ఆ రెండూ అందులోకి దిగిపోతాయి. చపాతీ పిండి ముద్దలో రెండు వేళ్లు గుచ్చితే మధ్యలో పిండి పైకి ఉబికినట్టు, ఎముకల మధ్య జెల్ పైకి లేస్తుంది. అక్కడే సున్నితమైన భాగాలు, నరాలు, రక్తనాళాలు ఉంటాయి. ఆ ఒత్తిడికే తిమ్మిరి. ఇది మగవాళ్లకీ అంతే. తిమ్మిరిని 'అలవాటైపోతుందిలే' అని వదిలేయకండి, ప్లీజ్. అది సీటు మార్చమని శరీరం చెబుతున్న మాట.

దీనికి మందుగా ఒక షాపులో జెల్ కవర్ చూపించారు, ఇంకో షాపులో గులాబీ రంగు 'లేడీస్ సీటు' చూపించారు. ఎముకల మధ్య దూరం ఎంతో ఒక్కరూ అడగలేదు. అడిగింది జయనగర్‌లోని ఒక చిన్న షాపు మెకానిక్. హిందూపురం వైపు కుర్రాడు. "మెత్తగుంటే ఏం లాభం అక్కా, ఎముక కింద ఆపుండల్ల గదా" అన్నాడు. పార్సిల్ పెట్టె నుంచి గరుకు మడతల అట్టముక్క ఒకటి చింపి ఇచ్చి, ఇంట్లో గట్టి మెట్టు మీద పెట్టుకుని కూర్చోమన్నాడు. మోకాళ్లు కాస్త పైకి లేపి, నడుము ముందుకు వంచి కూర్చుంటే అట్ట మీద రెండు గుంటలు పడతాయి. సరిగ్గా కనిపించకపోతే అట్టని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని వేలితో తడమాలి. గుంట నడిమి నుంచి గుంట నడిమికి స్కేలు పెట్టి కొలిస్తే నాది 130 మిల్లీమీటర్లు. దానికి ఇంకో 20 నుంచి 30 కలుపుకోవాలి. నడుము నిటారుగా పెట్టి తొక్కేవాళ్లు ఎక్కువ కలపాలి, బాగా వంగి తొక్కేవాళ్లు తక్కువ కలపాలి. సి17 వెడల్పు 162 మిల్లీమీటర్లు. నా లెక్కకి రెండు మిల్లీమీటర్లే ఎక్కువ, సరిపోయింది.

బ్రూక్స్ అంటే చాలామందికి తోలు సీటే గుర్తొస్తుంది. 1866లో బర్మింగ్‌హామ్‌లో గుర్రాల జీనులూ పట్టీలూ చేస్తూ మొదలైన కంపెనీ అది. వాళ్ల తోలు సీటు బి17కి పెద్ద పేరు. కానీ తోలు మన ఒంటికి తగ్గట్టు సర్దుకోవడానికి టైమ్ పడుతుంది, మైనం లాంటిది రాస్తూ ఉండాలి, తడిసి ముద్దవకుండా చూసుకోవాలి. బెంగళూరులో సాయంత్రం ఆఫీసు వదిలే వేళకి వాన ఎప్పుడు దిగుతుందో ఎవరికి తెలుసు? కేంబియంలో తోలు లేదు. నా దాంట్లో అడుగున రబ్బరు, పైన నూలు గుడ్డ. రబ్బరు కాబట్టి కూర్చున్న చోట కొద్దిగా ఊగుతుంది, అంతేగానీ లోపలికి దిగదు. సర్వీసు రోడ్డు గుంతల మీద ఆ కాస్త ఊగడమే నడుముని కాపాడుతోంది. హంపు వస్తే మాత్రం ఏ సీటైనా పెడల్స్ మీద లేచి నిలబడాల్సిందే. వానలో ఎక్కువ తిరిగేవాళ్లు నూలు బదులు నైలాన్ గుడ్డ ఉన్న 'ఆల్ వెదర్' రకం తీసుకోండి. మధ్యలో చీలిక ఉన్న 'కార్వ్‌డ్' రకం కూడా ఉంది, తిమ్మిరి బాధ ఎక్కువగా ఉంటే ముందు దాన్నే చూడండి.

ధర ఎక్కువే. ఆ డబ్బుకి గేర్లు లేని మామూలు కొత్త సైకిల్ ఒకటి వస్తుంది. రేసింగ్ సీట్లతో పోలిస్తే బరువు కూడా ఉంది. రోజూ ఎక్కి తొక్కేదానికి నాకైతే ఆ డబ్బు దండగ అనిపించలేదు.

సీటు ఎంత మంచిదైనా బిగించడం కుదరకపోతే వృథా. ముందు ఎత్తు. పెడల్ అడుగుకి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా ఉండాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది. తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగితే సీటు ఎత్తు ఎక్కువైందని అర్థం, తొడల దగ్గర ఒరుసుకుంటుంది. తర్వాత వాలు. ఈ సీటు మధ్యలో కాస్త లోతు, అందుకని ముందు కొస నుంచి వెనక దాకా ఆనేలా గట్టి అట్ట పుస్తకం పెట్టి, దాని మీద ఫోన్‌లో లెవెల్ యాప్ చూసుకోవాలి. మెకానిక్ ఎలన్ కీతో బోల్టు వదులు చేసి, సీటు ముక్కుని వెంట్రుకవాసి కిందికి దించి, మళ్లీ బిగించాడు. అప్పుడు ఎక్కి చూస్తే ముందువైపు ఒత్తిడి చటుక్కున పోయింది. మరీ దించేస్తే ఒళ్లు ముందుకు జారి బరువు అరచేతుల మీద పడుతుంది, మణికట్లు లాగుతాయి. సీటు కింద రెండు కమ్మీలు ఉంటాయి, వాటి మీద సీటుని ముందుకీ వెనక్కీ జరపొచ్చు. ఒకసారికి ఒక్కటే మార్చండి, రెండు మూడు రోజులు తొక్కి చూశాకే ఇంకోటి.

ఇంకో మాట. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ వేసుకుంటే లోపల ఇంకేమీ వేసుకోకూడదు. లోదుస్తుల కుట్టు, చెమట కలిసి ఒరుసుకుంటే కురుపులు లేస్తాయి. ఇంటికి రాగానే విప్పి ఉతికేయాలి. షాపుల్లో ఆడవాళ్లకి ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

నా కొలత మీ కొలత కాదు. అట్టముక్క మీద గుంటలు దగ్గర దగ్గరగా పడి, రోడ్ బైక్ మీద బాగా వంగి తొక్కేవాళ్లు 140 మిల్లీమీటర్ల సి15 చూడాలి. బుట్ట ఉన్న సిటీ సైకిల్ మీద నిటారుగా కూర్చునేవాళ్లకి 184 మిల్లీమీటర్ల సి19. నేను కొన్న ఆ జయనగర్ షాపులో డిపాజిట్ కట్టించుకుని ట్రయల్ సీటు ఇంటికిస్తారు, బోర్డు పెట్టలేదు కాబట్టి నోరు తెరిచి అడగాలి. ఆదివారం పొద్దున రైడర్లతో కిటకిటలాడుతుంది, కుర్రాడికి ఊపిరి సలపదు. మంగళ, బుధవారాల్లో మధ్యాహ్నం మీ సైకిల్ తీసుకుని, రోజూ తొక్కే బట్టల్లోనే వెళ్లండి.