ఉబ్బసం, సీఓపీడీ రెండూ ఉన్నవారికి ఏ ఇన్‌హేలర్ మేలు?

చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉండి, ఏళ్ల తరబడి బీడీలు తాగి, అరవైకి దగ్గరపడేసరికి నాలుగు మెట్లెక్కినా ఆయాసపడే మనుషులు మన ఊళ్లలో చాలామంది కనిపిస్తారు. ఉన్నది ఉబ్బసమా, ఊపిరితిత్తుల్లో గాలి దారులు శాశ్వతంగా ఇరుకయ్యే సీఓపీడీయా అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. ఇలాంటివారిలో తరచు రెండూ ఉంటాయి. అప్పుడు తేల్చుకోవలసింది మందు సంగతి: స్టెరాయిడ్ కలిసిన ఇన్‌హేలర్ మేలా, శ్వాసనాళాలను వెడల్పు చేసే మందు మాత్రమే ఉన్నది మేలా?

ఉబ్బసం ఎక్కువగా చిన్న వయసులో మొదలై వస్తూ పోతూ ఉంటుంది. తుమ్ములు, అలర్జీలు తోడుంటాయి. రాత్రి పిల్లికూతలతో నిద్ర పట్టని మనిషి మర్నాడు మామూలుగా తిరుగుతాడు. సీఓపీడీ సాధారణంగా నలభై దాటాక బయటపడుతుంది, ఊపిరి ఏటేటా తగ్గుతూ పోతుంది. దానికి ప్రధాన కారణం పొగ. కట్టెల పొయ్యి, పిడకల పొగ కూడా ఆ లెక్కలోవే. బీడీ ముట్టని అమ్మమ్మకు సీఓపీడీ రాదనుకోవడం ఆమెకు చేసే అన్యాయం.

రెండూ ఉన్నవారిలో ఆయాసం ఉధృతమయ్యే సందర్భాలు ఎక్కువ. గొట్టంలోకి ఊది ఊపిరిని కొలిచే స్పైరోమెట్రీ పరీక్షలో, నాళాలు తెరిచే మందు పీల్చాక కూడా, మొత్తం వదిలిన గాలిలో మొదటి సెకనులో వచ్చింది 70 శాతంలోపే ఉంటే అవరోధం స్థిరపడినట్టు. అయితే మందు పీల్చాక ఆ మొదటి సెకను గాలి 400 మిల్లీలీటర్లకు పైగా పెరిగితే ఉబ్బసం కూడా ఉందన్న అనుమానం బలపడుతుంది. సీఓపీడీ రోగి రక్తంలో ఇసినోఫిల్ అనే ఒక రకం తెల్లకణాలు మైక్రోలీటరుకు 300, ఆపైన ఉంటే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మేలు చేసే అవకాశం ఎక్కువ.

సీఓపీడీ ఒక్కటే ఉండి ఆ కణాలు తక్కువగా ఉన్నవారికి స్టెరాయిడ్ లేని ఇన్‌హేలరే నయం. సీఓపీడీ రోగుల్లో పీల్చే స్టెరాయిడ్ న్యుమోనియా ముప్పును పెంచుతుందని 2007లో వెలువడిన పెద్ద పరిశోధనలో తేలింది. ఉబ్బసం విషయంలో లెక్క తిరగబడుతుంది. సాల్మెటెరాల్ అనే, నాళాలు తెరిచే మందు మీద 26 వేల మందికి పైగా ఉబ్బస రోగులతో అమెరికాలో జరిగిన పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి. అప్పటికే వాడుతున్న మందులకు తోడు దాన్ని పీల్చినవారిలో 13 మంది ఉబ్బసంతో చనిపోయారు. ఉత్తుత్తి మందు పీల్చినవారిలో ముగ్గురు. అదే తరహా మందును స్టెరాయిడ్‌తో కలిపి ఇచ్చిన తర్వాతి పరిశోధనల్లో అలాంటి ముప్పు కనిపించలేదు. అందుకే 2017లో అమెరికా ఔషధ సంస్థ ఆ మిశ్రమాల మీది తీవ్ర హెచ్చరికను తీసేసింది.

మరి రెండూ ఉన్నవారి మాట? ఉబ్బసం పరిశోధనలు చాలావరకు పొగతాగేవారిని వదిలేశాయి, సీఓపీడీ పరిశోధనలు ఉబ్బసం ఉన్నవారిని వదిలేశాయి. వీళ్ల కోసం చేసిన పరిశోధనలు బహు తక్కువ. కాబట్టి ఏ పొరపాటు ఖరీదైనదో చూసుకోవాలి. న్యుమోనియాను కనిపెట్టి చికిత్స చేసే వీలుంది. స్టెరాయిడ్ రక్షణ లేని ఉబ్బసం ఒక్క రాత్రిలో ప్రాణం మీదికి తెస్తుంది. ఉబ్బసం ఆనవాళ్లు ఉంటే స్టెరాయిడ్ కలిసినదే మేలని నేను గట్టిగా చెబుతాను. వైద్య మార్గదర్శకాలూ అదే చెబుతున్నాయి. ఆయాసం తగ్గకపోతే నాళాలు తెరిచే మరో రకం మందును, టయోట్రోపియం వంటిదాన్ని, మూడోదిగా జోడిస్తారు.

స్టెరాయిడ్ అనగానే భయపడి ఇన్‌హేలర్ మానేసి, మాత్రలకు మళ్లేవారిని చూస్తే బాధేస్తుంది. వాటిలో ప్రెడ్నిసొలోన్ ఉంటే అదీ స్టెరాయిడే. 5 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటంటే 5,000 మైక్రోగ్రాములు, అది ఒళ్లంతా పాకుతుంది. ఇన్‌హేలర్లలో వాడే స్టెరాయిడ్ బ్యుడెసొనైడ్ ఒక్క పీల్పులో ఉండేది సాధారణంగా 100 నుంచి 400 మైక్రోగ్రాములు, అదీ నేరుగా ఊపిరితిత్తుల కోసం. పీల్చాక నీళ్లతో పుక్కిలించి ఉమ్మేస్తే నోట్లో తెల్లపూత రావడం తగ్గుతుంది.

డాక్టరును కలిసినప్పుడు చిన్నప్పటి ఆయాసం, అలర్జీలు, బీడీలు తాగిన ఏళ్లు, పొయ్యి దగ్గర గడిపిన ఏళ్లు అన్నీ చెప్పండి. పాత స్పైరోమెట్రీ కాగితాలు ఉంటే వెంట తీసుకెళ్లండి. ఇసినోఫిల్ సంఖ్య ఎంతో అడగండి.