పాల గ్లాసులో ఇక ఏం పోయాలి? పిల్లల కోసం కొన్న మొక్కల పాల మీద నా రివ్యూ

ఇంటిల్లిపాదీ వీగన్‌కి, అంటే మాంసం, గుడ్లు, పాలు ఏవీ లేని తిండికి మారదాం అనుకున్నప్పుడు పెద్దవాళ్ల గురించి నాకేం టెన్షన్ లేదు, మేం ఏదో ఒకటి తిని సర్దుకుంటాం. పిల్లలకి మాంసం, గుడ్లు మాన్పించడం కూడా అనుకున్నంత కష్టం కాలేదు. చిక్కంతా పాలతోనే. ఎదిగే పిల్లలకి ప్రొటీన్, క్యాల్షియం, విటమిన్ బి12 మూడూ పెద్దగా ఆలోచించకుండానే ఒక్క గ్లాసులో అందిపోతుంటాయి, ఆ గ్లాసు తీసేస్తే మూడింటికీ విడివిడిగా లెక్క చూసుకోవాలి. షాపులో చూస్తే అర నిండా ప్యాకెట్లే, అన్నిటి మీదా ఆకుల బొమ్మలు, నవ్వే పిల్లల ముఖాలు. సోయా, బాదం, ఓట్స్, కొబ్బరి, బఠాణీ పాలు అన్నీ తెచ్చి తాగించాం, బియ్యం పాలు మాత్రం ఎందుకు తేలేదో కింద చెప్తాను. బ్రాండ్ల పేర్లు రాయడం లేదు, ఎందుకంటే ఒకే కంపెనీ ప్యాకెట్లలో ఒకదాంట్లో అన్నీ కలుపుతారు, పక్కనున్న దాంట్లో ఏమీ ఉండదు. పేరు చూసి కొంటే లాభం లేదు, ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవాల్సిందే.

నా తీర్పు ముందే చెప్పేస్తా. ఆవు పాల స్థానంలో పిల్లలకి రోజూ ఇవ్వదగ్గవి చక్కెర కలపని ఫోర్టిఫైడ్ (క్యాల్షియం, విటమిన్లు విడిగా కలిపిన) సోయా పాలు, వాటి తర్వాత బఠాణీ పాలు. మిగతావి రుచికి తాగే డ్రింకులు, అంతే.

ఎందుకంటే ప్రొటీన్ లెక్క అలా ఉంది. 240 మి.లీ. ఆవు పాలలో దాదాపు 8 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అంతే సోయా పాలలో 7 గ్రాములు అటూఇటుగా వస్తుంది. ఓట్స్ పాలలో 2, 3 గ్రాములు, బాదం పాలలో 1 గ్రాము, కొబ్బరి పాల డ్రింకులో ఇంచుమించు సున్నా. బాదం అనగానే బలం అనుకుంటాం కానీ ఆ ప్యాకెట్‌లో బాదం పప్పు ఉండేది చాలా కొంచెం, మిగతాదంతా నీళ్లే. అమెరికా ప్రభుత్వం 2020–2025కి ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కూడా పాల వర్గంలో లెక్కేసిన మొక్కల పాలు ఫోర్టిఫైడ్ సోయా ఒక్కటే, బాదం, ఓట్స్, కొబ్బరి వాటిలో లేవు.

రుచి విషయంలో సోయాకి మంచి మార్కులు వేయలేను. మొదటి గుక్కలోనే పచ్చి గింజల వాసన తగులుతుంది, మా పెద్దది ముక్కు మూసుకుని తాగింది, చిన్నాడు గ్లాసు వెనక్కి తోసేశాడు. మాకు పని చేసిన పద్ధతి ఏంటంటే నేరుగా గ్లాసులో పోయకుండా ముందు వంటల్లో వాడటం, తర్వాత అరటిపండుతో కలిపి మిక్సీలో వేయడం, ఆ తర్వాత మామూలు పాలలో కొద్దికొద్దిగా కలుపుతూ వాటా పెంచడం. పుల్లటి పండ్లతో కలపకండి, విరిగిపోతాయి. కంపెనీ మారితే రుచి చాలా మారుతుంది, అందుకే ఒకటి నచ్చలేదని సోయానే వదిలేయొద్దు. వనిల్లా, చాక్లెట్ రకాలు పిల్లలకి వెంటనే నచ్చుతాయి, కానీ వాటిలో కలిపిన చక్కెర చూస్తే ఇవ్వబుద్ధి కాదు, పైగా ఒకసారి ఆ తీపి మరిగితే చప్పటివి ముట్టరు.

ఓట్స్ పాలు మా ఇంట్లో అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యేవి, రుచి అంత బాగుంటుంది. చక్కెర కలపలేదని ముందు రాసి ఉన్నా లేబుల్ మీద చక్కెర కనిపిస్తుంది, ఓట్స్‌లోని పిండి పదార్థాన్ని ఎంజైములతో విడగొట్టేటప్పుడు అదే మాల్టోజ్ అనే చక్కెరగా మారుతుంది మరి. అప్పుడప్పుడూ పర్లేదు. బియ్యం పాలు చిన్న పిల్లలున్న ఇంట్లోకి తేకపోవడమే మంచిది. బియ్యంలో ఆర్సెనిక్ అనే విష పదార్థం చేరే అవకాశం ఉన్నందున 5 ఏళ్ల లోపు పిల్లలకి పాలకు బదులు వాటిని ఇవ్వొద్దని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ చెబుతోంది.

ఇప్పుడు లేబుల్. క్యాల్షియం 100 మి.లీ.కి 120 మి.గ్రా. దగ్గర్లో ఉంటే అది ఆవు పాలతో సమానం. అమెరికా లెక్కల ప్రకారం 4–8 ఏళ్ల పిల్లలకి రోజుకి 1000 మి.గ్రా., 9 దాటాక 1300 మి.గ్రా. కావాలి, అంటే రెండు గ్లాసులు తాగినా ఇంకా మిగిలే ఉంటుంది. దాన్ని క్యాల్షియం ఉప్పుతో గడ్డకట్టించిన టోఫు (సోయా పనీర్), క్యాబేజీ జాతి ఆకుకూరల్లాంటి వాటితో పూడ్చుకోవాలి. పాలకూరలో క్యాల్షియం ఉన్నా అందులోని ఆక్సలేట్ అనే పదార్థం అడ్డుపడటం వల్ల ఒంటికి పట్టేది చాలా తక్కువ. ఇంకో రెండు సంగతులు. ఆర్గానిక్ అని రాసిన ప్యాకెట్లలో చాలావాటికి విటమిన్లు, క్యాల్షియం కలపరు, నలుగురిలో గొప్పగా కనిపించే ఆ ప్యాకెట్ పిల్లల విషయంలో తక్కువ ఉపయోగం. రెండోది, కలిపిన క్యాల్షియం అడుగున పేరుకుంటుంది, ప్రతిసారీ ప్యాకెట్‌ని గట్టిగా ఊపకపోతే పై నీళ్లు పిల్లలు తాగుతారు, క్యాల్షియం చెత్తబుట్టలోకి పోతుంది.

ఏడాది లోపు బిడ్డకి ఈ ప్యాకెట్లేవీ ప్రధాన ఆహారంగా పోయకూడదు, తల్లిపాలు లేదా శిశువుల కోసమే చేసిన ఫార్ములా తప్ప. దీంట్లో బేరాల్లేవు. ఏడాది నుంచి రెండేళ్ల మధ్య కూడా డాక్టర్‌ని అడిగే మార్చండి, ఆ వయసులో కొవ్వు కావాలి, సోయా పాలలో అది వెన్న తీయని పాలలో ఉన్నదాంట్లో సగమే.

బి12 కోసం పాల ప్యాకెట్‌ని నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు, పిల్లలు ఒకరోజు తాగుతారు, ఒకరోజు తాగరు. 4–8 ఏళ్ల వాళ్లకి రోజుకి 1.2 మైక్రోగ్రాములే అవసరం, కానీ ఆ చిటికెడు అందకపోతే జరిగే నష్టం పెద్దది, రక్తహీనతతో పాటు నరాలూ దెబ్బతింటాయి, కొన్నిసార్లు ఆ నష్టం మళ్లీ పూడదు. పైగా మొక్కల ఆహారంలో ఫోలేట్ అనే మరో బి విటమిన్ దండిగా ఉంటుంది, అది రక్తహీనతని కప్పేస్తుంది కాబట్టి అది బయటపడకుండానే నరాల సమస్య ముదరొచ్చు. అందుకని విడిగా సప్లిమెంట్ ఇస్తున్నాం, మోతాదు మాత్రం పిల్లల డాక్టర్ రాసిందే. చుక్కల మందూ, నమిలే బిళ్లలూ రెండూ వాడాం. చుక్కలు చిన్నాడికి సులువు. బిళ్లలు మిఠాయిలా ఉంటాయి, పెద్దది అడిగి మరీ తీసుకుంటుంది, సరిగ్గా ఆ కారణంతోనే సీసా అందనంత ఎత్తులో పెట్టాల్సి వస్తోంది. స్పిరులినాలో (నీళ్లలో పెరిగే ఒక రకం నాచు) బి12 ఉందని అమ్మేవాళ్ల మాట నమ్మొద్దు, అందులో ఎక్కువగా ఉండేది మన ఒంటికి పనికిరాని రూపం.

"పాలు లేకుండా పిల్లలు ఎదుగుతారా తల్లీ?" అని మా అత్తయ్య అడిగినప్పుడు మా ఆయనకి కోపం వచ్చింది కానీ, నిజానికి అది అడగాల్సిన ప్రశ్నే. 2019లో జర్మనీలో 1–3 ఏళ్ల పిల్లల మీద వచ్చిన అధ్యయనంలో వీగన్ పిల్లల ఎదుగుదల సగటున మిగతా వాళ్లలాగే ఉంది. 2021లో పోలండ్‌లో 5–10 ఏళ్ల వాళ్లని చూస్తే వీగన్ పిల్లలు సగటున 3 సెం.మీ. పొట్టిగా ఉన్నారు, ఎముకల్లో ఖనిజాలు తక్కువ, చెడు కొలెస్ట్రాల్ కూడా తక్కువ. రెండూ ఉన్నాయి, మనకి నచ్చిన దాన్నే పట్టుకుని వాదించడం అనవసరం. మేం అత్తయ్యకి ఇచ్చిన మాట ఒక్కటే, ఎత్తు, బరువు డాక్టర్ దగ్గర క్రమం తప్పకుండా చూపిస్తాం, రక్త పరీక్ష చేయించమంటే చేయిస్తాం, తేడా కనిపిస్తే పంతానికి పోం. ఆమె ఆ తర్వాత ప్యాకెట్ ఊపే పని తన చేతుల్లోకి తీసుకుంది, మాకంటే శ్రద్ధగా చేస్తోంది.

బయట స్నేహితుల పుట్టినరోజు కేకుల విషయంలో మాత్రం మేం జోక్యం చేసుకోం. పెద్దది తినాలా వద్దా తనే తేల్చుకుంటుంది, కొన్నిసార్లు తింటుంది కూడా. ఇంట్లో వండేది మా నిర్ణయం, బయట తినేది పిల్లల ఇష్టం. వీగన్ గ్రూపుల్లో ఇలా చెబితే తిడతారని తెలుసు.

సోయా అలర్జీ ఉన్న పిల్లలకైతే బఠాణీ పాలు చూడండి, గ్లాసుకి 8 గ్రాముల దాకా ప్రొటీన్ ఉన్న ప్యాకెట్లు దొరుకుతాయి, సోయా కంటే చిక్కగా ఉంటాయి, కాస్త ఉప్పగా అనిపిస్తాయి. బఠాణీ కూడా కొందరికి పడదు కాబట్టి ముందు కొంచెమే పట్టి చూడండి. మాకు అవి అన్ని షాపుల్లో దొరకవు, దొరికినప్పుడు రెండు తెచ్చి పెట్టుకుంటాం, తెరవని ప్యాకెట్లయితే ఫ్రిజ్ బయట ఉండే రకమో కాదో చూసుకుని కొనండి.